యొర్దాను గోడ మీద మొహం

పాతపట్నంలో రాబర్ట్‌కి రంగు పని అప్పజెప్పిన వాళ్లందరికీ ఒక సంగతి బాగా తెలుసు. అతని కంటికి ఖాళీ జాగా కనబడకూడదు. ఎరువుల కొట్టుకి బోర్డు రాయమంటే అక్షరాలు శుభ్రంగానే రాసేవాడు. కానీ చివరి అక్షరం కొమ్ము మీద ఓ చిలక వచ్చి వాలేది. అంగన్‌వాడీ గోడ మీద ఆవుని వెయ్యమంటే ఆవునే వేశాడు. వేసి ఊరుకున్నాడా! దాని గంగడోలు నిండా తామరపూలు పూయించాడు. తోకని తీగలా సాగదీసి కిటికీ చుట్టూ పాకించాడు. పంచాయతీ సెక్రటరీ వచ్చి, "ఆవు పాలివ్వాలి గానీ పూలు పూయడమేంటయ్యా?" అని తల పట్టుకుంటే, "ఖాళీ ఉండిపోనాదండి" అన్నాడు.

అతను పుట్టింది గజపతినగరం దగ్గర. తాతల నాటి నుంచి బాప్టిస్టు సంఘంలో ఉన్న కుటుంబం. అయినా చిన్నప్పుడు ఊళ్లో జముకుల కథ చెప్పినా, తోలుబొమ్మలాట ఆడినా అందరికంటే ముందు కూర్చునేవాడు. పాతాళంలో మొసలి నోట్లోంచి పూలు రాలడం, రెండు తలల పక్షి ఏనుగుని ఎత్తుకుపోవడం, ఇవన్నీ అతని బుర్రలో అప్పుడే కాపురం పెట్టేశాయి. విజయనగరంలో లారీల వెనక నెమళ్లు వేసే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. మేనమామ కూతురు బేబీని చేసుకుని పాతపట్నం వచ్చేశాడు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని మింగేశాక బళ్ల గోడలు, రామమందిరాలు, పెళ్లిళ్లకి వీధరుగులు, ఏది దొరికితే అది వేసుకుంటూ బతికాడు. దేవుడెవరైనా రంగులొకటేనని అతని నమ్మకం.

ఆ అంగన్‌వాడీ ఆవుని చూసే ధనరాజ్ పాస్టరు గారు అతన్ని పిలిపించారు. కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లెలో ఆయన సంఘం కొత్త మందిరం కట్టుకుంది. బాప్తిస్మమిచ్చే తొట్టి వెనక గోడంతా ఖాళీ. కోత పండుగ నాటికి ఆ గోడ మీద యొర్దాను నది పారాలన్నారాయన.

"నాను యొర్దాను సూడలేదండి అయ్యగారూ" అన్నాడు రాబర్ట్.

"నేను మాత్రం చూశానా? నీకు తెలిసిన నదినే పారించు" అన్నారు ఆయన నవ్వుతూ.

ఆ మాట అని ఉండకూడదు. గోడకి అడ్డంగా టార్పాలిన్ కట్టుకుని రాబర్ట్ పనిలోకి దిగాడు. నదికి అటూ ఇటూ పనస చెట్లు, జీడితోటలు లేచాయి. నీళ్లలో ఈకలున్న చేపలు ఎగిరాయి. మొసలి నోట్లోంచి సంపెంగలు కొట్టుకొచ్చాయి. తేలినీలాపురం గూడబాతులు సంచుల్లాంటి ముక్కుల్లో దీపాలు పెట్టుకుని బారులు తీరాయి. జీడిపళ్ల దండ వేసుకున్న ఎలుగుబంటి ఒకటి మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆకాశం వంక చూసింది. ఆ ఆకాశంలో పాలపిట్ట రెక్కలు విప్పుకుని దేవదూత దిగుతోంది. అన్నీ కుదిరాయి. దేవదూతకి మొహమే కుదరలేదు.

క్యాలెండర్లలో మొహాలు చూసి రెండుసార్లు గీశాడు, రెండుసార్లూ చెరిపేశాడు. అప్పుడు అతనికి పర్లాకిమిడిలో మరమరాలు, అక్కడి మాటలో మురీలు, వేయించే ఆవిడ గుర్తుకొచ్చింది.

పాతపట్నం దాటితే ఒడిశా పర్లాకిమిడి. సైకిలు మీద వెళ్లొచ్చే దూరం. రంగులు కొనుక్కోవడానికి వెళ్లినప్పుడల్లా రాబర్ట్ బజారు చివర ఆవిడ మురీల బట్టీ దగ్గర ఆగేవాడు. అందరూ ఆవిణ్ణి మావుసీ అని పిలిచేవారు, ఒడియాలో పిన్ని అన్నట్టు. మూకుట్లో ఇసక వేడెక్కి, బియ్యం పడగానే పొయ్యి వెలుగు కింది నుంచి ఆవిడ గడ్డం మీదికి, బుగ్గల మీదికి ఎగబాకేది. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు, కింది పెదవి పక్కన పుట్టుమచ్చ. ఆ వెలుగులో ఆ మొహం అతనికి ఎంతో నచ్చేది. అడిగి గీయాలన్న ఆలోచన రాబర్ట్‌కి రాలేదు. అతను ఎవర్నీ ఏనాడూ అడగలేదు. సంతలో చూసిన గెడ్డం రామమందిరంలో మునికి పెట్టేవాడు, బస్సులో చూసిన కళ్లు సీతమ్మకి పెట్టేవాడు. అలాగే ఆ మొహాన్నీ గాటుతో, మచ్చతో సహా దేవదూతకి పెట్టేశాడు.

కోత పండుగ ఆదివారం మందిరం కిక్కిరిసిపోయింది. వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు వేదిక ముందు పేర్చారు. ఆ రోజు బాప్తిస్మాలు కూడా ఉండడంతో తొట్టి నిండా నీళ్లు పట్టారు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు తాడు లాగారు. టార్పాలిన్ జారి కింద పడింది.

సంఘ పెద్ద సత్యరాజు గారు లేచి నిలబడ్డారు. రిటైరైన హెడ్మాస్టరు, కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఇది మందిరమా, మ్యాజిక్ షోవా? యొర్దానులో ఎలుగుబంటేటండీ?" అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి కిసుక్కున నవ్వులు వినిపించాయి. పిల్లలు చేపల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. రాబర్ట్ తలుపు పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

అంతలో చాపల మీద ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ లేచింది. ఆవిడ పేరు తవిటమ్మ. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. కాయకూరలు అమ్ముకుంటుంది. ఆవిడ ఎవర్నీ చూడలేదు. గుమ్మడికాయలు దాటి, వేదిక ఎక్కి, తిన్నగా తొట్టిలోకి దిగిపోయింది. నీళ్లు నడుం దాకా వచ్చాయి. చీర తేలింది. రెండు చేతులూ గోడకి ఆనించి, మెడ పైకెత్తి, మందిరం అదిరిపోయేలా కేకేసింది.

"రాజీ! ఒలే రాజీ!"

ఆ కేకకి నవ్వుతున్న ఆడవాళ్లు గోడ వైపు సరిగ్గా చూశారు. చూసిన వాళ్లు చూసినట్టే బిగుసుకుపోయారు. ఒకావిడ "ఓలమ్మో, రాజకుమారే" అంటూ కూలబడిపోయింది. సత్యరాజు గారి చేతిలో కళ్లజోడు జారి కింద పడింది.

రాబర్ట్‌కి ఏమీ అర్థం కాలేదు. పాస్టరు గారు వచ్చి అతని భుజం పట్టుకున్నారు. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

"ఈ మొహం ఎక్కడిది రాబర్ట్? ఫొటో ఎవరిచ్చారు?"

"ఫొటో లేదండి. ఏటైందండీ?"

"ఆ అమ్మాయి తవిటమ్మ కూతురు. హిరమండలం ఇచ్చారు. పన్నెండేళ్ల కిందట వంశధారలో పడి చనిపోయింది. శవం దొరకలేదు. ఒడ్డున సంచీ, చెప్పులూ దొరికాయి. జ్ఞాపకార్థ కూడిక నేనే జరిపించాను."

చెప్పాలా వద్దా అని రాబర్ట్ ఆలోచించలేదు. ఆ క్షణంలో ఆలోచించే తెలివి అతనికి లేదు.

"సనిపోలేదండి. పర్లాకిమిడిలో ఉన్నాదండి ఆవిడ. మొన్న నాకు మురీలు కొలిసిచ్చింది."

మెల్లిగానే అన్నాడు. కానీ ముందున్నవాళ్లు విన్నారు. వాళ్ల నుంచి మాట వెనక్కి పాకింది. తొట్టిలో ఉన్న తవిటమ్మ దాకా చేరింది. ఆవిడ గోడ వదిలేసి వెనక్కి తిరిగింది. ఏడుపు ఆగిపోయింది. కళ్లు మాత్రం గాజుగోళీల్లా నిలబడిపోయాయి.

"ఏటన్నావు బాబూ? మళ్లీ సెప్పు."

మళ్లీ చెప్పాడు. ఆవిడ తడి చీరతోనే బయటికి నడిచింది. "పదండి" అంది. బాప్తిస్మాలు ఆగిపోయాయి. పాస్టరు గారు వ్యాను మాట్లాడారు. ఆయన, రాబర్ట్, తవిటమ్మ ఎక్కారు.

టెక్కలి దాటాక తవిటమ్మ చిన్న చిన్న ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టింది.

"సిక్కిపోనాదా బాబూ?"

"లేదమ్మా. బాగానే ఉన్నాది."

"తెలుగు మాటాడతాదా?"

"నాతో ఒడియాలోనే మాటాడేది. తెలుగావిడని నాకూ తెలీదు."

"ఎంత దూరమున్నాది ఇంకా?"

మెట్టూరు దగ్గర ఓ గేదె అడ్డం వస్తే వ్యాను ఆగింది. ఆ కాసేపటికే ఆవిడ తలుపు తీసుకుని దిగి నడవబోయింది. ఇంత దగ్గరా, ఇంత దగ్గరా అని తనలో తాను అనుకుంటూనే ఉంది.

బజారు చివర బట్టీ దగ్గర పొగ లేస్తోంది. రాజకుమారి మూకుట్లో గరిటె తిప్పుతోంది. వ్యాను దిగిన మనుషుల్ని చూసింది. తల్లిని చూసింది. గరిటె తిప్పడం ఆపలేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది, మొహంలో మాత్రం రక్తం లేదు. మూకుట్లో మురీలు పొంగి, ఎర్రబడి, మాడి, నల్లటి పొగ వచ్చింది. అప్పుడు ఆవిడ నోట్లోంచి మాట వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత తల్లితో అన్న మొదటి మాట.

"ఆడు వచ్చాడేటి?"

"ఎవుడే తల్లీ?"

"ఆడే. నీ అల్లుడు. బండిలో ఉన్నాడేటి?" రాజకుమారి వ్యాను వైపు చూస్తూ వెనక్కి జరిగింది. గరిటెని కర్రలా పట్టుకుంది.

తవిటమ్మ నోరు తెరిచి మూసింది. "ఆడెక్కడున్నాడే? సచ్చిపోనాడు కదా. కిడ్నీలు పోయి... నువ్వు పోయిన రెండో ఏడే సచ్చిపోనాడు."

పక్కనున్న టీ కొట్టాయన ఒడియాలో ఏదో అడిగాడు. రాజకుమారి వినలేదు. నెమ్మదిగా బియ్యం బస్తా మీద కూర్చుంది.

"రెండో ఏడా?"

"అవునే అమ్మా."

"మరి నానెవుడికి దాక్కున్నాను ఇన్నాళ్లూ?"

రాబర్ట్ నేల వంక చూశాడు. ఈ బజారులో తెలుగు మాట వినబడితే చాలు ఆవిడ తల దించుకునేదని, అందుకే తనతో ఒడియా తప్ప మాట్లాడలేదని అతనికి అప్పుడు తెలిసింది. సంచీ, చెప్పులూ ఒడ్డున పెట్టింది ఆవిడే. మొగుడు వెతకడం ఆపెయ్యాలని పెట్టింది. పెట్టి, చెప్పుల్లేని కాళ్లతో బస్సెక్కింది. అప్పట్లో ఈ బట్టీ నడిపిన ఒడియా ముసలావిడ అన్నం పెట్టి, పని నేర్పి, పోతూ పోతూ బట్టీని రాజకుమారి చేతిలో పెట్టింది. ఇదంతా ఆవిడే నాలుగు ముక్కల్లో చెప్పింది, ఎవరి కథో చెప్పినట్టు.

తవిటమ్మ దగ్గరికి వెళ్లి కూతురి గడ్డం పట్టుకోబోయింది. రాజకుమారి ఆ చెయ్యి తోసేసింది.

"ముట్టుకోకు. రెండుసార్లు ఇంటికొచ్చాను. రెండుసార్లూ నన్ను బస్సెక్కించావు. రెండోసారి సేతికి కట్టున్నాది. కిటికీలోంచి అరటిపళ్లిచ్చి జాగర్తగా ఎల్లమన్నావు."

"అవునే. నానే ఎక్కించాను" అంది తవిటమ్మ. మీ అయ్య చెప్పాడని గానీ, ఊరు ఏమనుకుంటుందోనని గానీ అనలేదు.

"మీరూ ఉన్నారు కదా అయ్యగారూ. ఓర్సుకోమని పార్దన సేశారు."

ధనరాజ్ గారు తల ఎత్తలేదు. "చేశానమ్మా" అన్నారు.

అప్పుడు ఆవిడ రాబర్ట్ వైపు తిరిగింది. "నువ్వు సెప్పావా ఈళ్లకి?"

రాబర్ట్ ఉన్నదున్నట్టు చెప్పాడు. గోడ, నది, దేవదూత, మొహం. చెబుతుంటే తన మాటలు తనకే దొంగ మాటల్లా వినిపించాయి.

"మురీల కోసం కాదన్నమాట నువ్వలగ సూసేది" అంది ఆవిడ. "ఆడు బతికే ఉంటేనో? ఆ గోడ సూసి ఆడే ఈ బండి దిగితేనో? నా మొహం నీకెవరిచ్చారు?"

రాబర్ట్ ముప్పై ఏళ్లుగా గోడల మీద మొహాలు పెడుతున్న మనిషి. ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని కలలో కూడా అనుకోలేదు.

"సెరిపెయ్" అంది. "ఎల్లండింక. అందరూ ఎల్లిపోండి."

మర్నాడు పొద్దున్నే రాబర్ట్ రంగు డబ్బాలు పట్టుకుని మందిరానికి వెళ్లాడు. అక్కడ చూసిన దానికి గుమ్మంలోనే ఆగిపోయాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చేశారు. కొవ్వొత్తులు వెలిగించారు. ఫోన్లు పైకెత్తి గోడని తీసుకుంటున్నారు. చచ్చిపోయిన మనిషిని గోడ లేపిందని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నిన్న ఎలుగుబంటిని తిట్టిన సత్యరాజు గారే ఇవాళ దగ్గరుండి అందరికీ చూపిస్తున్నారు.

"చెరుపుతావా? బుద్ధుందా?" అన్నారు ఆయన, రాబర్ట్ సంగతి చెప్పగానే. "అది నీ బొమ్మ కాదిప్పుడు. దేవుడి సాక్ష్యం. సంఘం గోడ."

"గోడ సంఘానిదేనండి. మొహం ఆవిడది."

"ఆవిడకేం తెలుసయ్యా దీని విలువ?"

మాటా మాటా పెరిగింది. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి రాబర్ట్ నిచ్చెన లాగేసుకున్నారు. అప్పుడు గుమ్మం దగ్గర తవిటమ్మ కనిపించింది. రాత్రంతా కన్ను మూసినట్టు లేదు. జనం ఆవిడకి దారిచ్చారు. కొందరు ఆవిడ చెయ్యి కూడా ముట్టుకున్నారు. ఆవిడ గోడ ముందుకొచ్చి కూతురి మొహాన్ని చాలాసేపు చూసింది. ఇన్నేళ్లూ ఆవిడ ఇంట్లో ఆ పిల్లది ఒక్క ఫొటో కూడా లేదు. ఉన్నవన్నీ తండ్రి తగలబెట్టేశాడు.

"సెరిపెయ్ బాబూ" అంది. "అది వొద్దన్నాది. ఇదివరకోసారి నాను దాని మాట ఇనలేదు."

ధనరాజ్ గారు వచ్చి కుర్రాళ్ల దగ్గర నిచ్చెన తీసుకుని గోడకి ఆనించారు. కదలకుండా తనే పట్టుకున్నారు.

తెల్లరంగు పూసెయ్యడానికి రాబర్ట్‌కి చెయ్యి రాలేదు. దేవదూత కుడి రెక్కని ముందుకి సాగదీశాడు. ఒక్కో ఈకా నీలం, ఆకుపచ్చ, మధ్యలో బంగారు గీత పెట్టి ముందు గడ్డం కప్పాడు, తర్వాత పుట్టుమచ్చ, తర్వాత కనుబొమ్మ మీది గాటు. చివరి ఈక వేస్తున్నప్పుడు కింద తవిటమ్మ ఊపిరి బిగబట్టడం అతనికి వినిపించింది. దిగేసరికి అతని చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. సంఘంలో సగం మంది ఆ తర్వాత అతనికి వందనం చెప్పడం మానేశారు.

కానీ ఫోన్లలోకి ఎక్కిన బొమ్మని ఏ ఈకా కప్పలేదు. నెల తిరక్కుండానే జనం పర్లాకిమిడి వెళ్లి బట్టీ దగ్గర నిలబడి ఆవిణ్ణి చూడసాగారు. ఒకాయన ప్రార్థన చెయ్యమని బిడ్డని ఒళ్లో పెట్టబోతే, ఆవిడ గరిటెడు వేడి ఇసక పైకెత్తిందట. ఆ కబురు బేబీ తెచ్చింది. "బావా, నువ్వు కుంచె పట్టుకుంటే ఊరుకుంటావా, ఊళ్లు లేపుతావు" అంది. నవ్వించాలనే అంది. రాబర్ట్ నవ్వలేదు. మనుషుల మొహాలు వెయ్యడం అప్పటికే మానేశాడు. రంగుల కోసం పర్లాకిమిడి వెళ్లినా బట్టీ ఉన్న వీధిలోకి అడుగు పెట్టేవాడు కాదు.

తవిటమ్మ మాత్రం వారం వారం బస్సెక్కి వెళ్లేది. మొదట్లో రాజకుమారి పలకలేదు. ముసలావిడ ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని, సాయంత్రం బస్సుకి తిరిగి వచ్చేసేది. ఒకసారి వానలో తడుస్తుంటే టీ కొట్టాయన చేత పాత గోనెసంచీ పంపింది రాజకుమారి. ఇంకో వారం, "ఊరికే కూకోకపోతే ఆ ఇసక జల్లించొచ్చు కదా" అంది. తవిటమ్మ లేచి వెళ్లి జల్లెడ అందుకుంది.

ఎండలు ముదిరాక ఒక రోజు బేబీ బజారు నుంచి వచ్చి, "ఆవిడ నిన్ను రమ్మంటన్నాది" అంది. రాబర్ట్ వెళ్లాడు.

రాజకుమారి బట్టీకి కొత్తగా రేకు తలుపులు పెట్టించింది. "వీటి మీద ఏదైనా వెయ్యి" అంది తెలుగులో. "ఆ సేపలు, ఆ గూడబాతులు... అమ్మ ఒకటే సెప్తాది. మొహాలు మాత్రం వొద్దు."

రాబర్ట్ అక్కడే కూర్చుని మొదలుపెట్టాడు. ఒక తలుపు మీద వడ్ల కంకులు తోకగా ఉన్న నెమలి, ఇంకో తలుపు మీద చంద్రుణ్ణి వీపున మోసుకుపోతున్న తాబేలు. ఆవిడ పని చేసుకుంటూనే మధ్యమధ్య వచ్చి చూసి, ఆ ఎరుపు ఎక్కువైందని, తాబేలు కాలు వంకరగా ఉందని వంకలు పెట్టింది. అతను సరిచేశాడు. మధ్యాహ్నం టీ తెచ్చి పక్కన పెట్టి ఆవిడ అక్కడే నిలబడిపోయింది.

"అమ్మ సెప్పింది. గోడ మీద నాను నవ్వుతున్నానంట. ఎందుకలగ గీశావు? నానెప్పుడు నవ్వాను?"

"నవ్వేవోరమ్మా" అన్నాడు రాబర్ట్. "మురీలు ఒక్కసారి పొంగుతాయి సూడండి, అప్పుడు. ప్రతిసారీ నవ్వేవోరు."

రాజకుమారి అతన్ని ఎగాదిగా చూసింది. అబద్ధమేమోనని తల్లి వైపు తిరిగింది. తవిటమ్మ ఇసక జల్లిస్తూనే అవునన్నట్టు తల ఊపింది. రాజకుమారి చేత్తో తన బుగ్గ తడుముకుంది, అక్కడ తనకి తెలియకుండా ఎవరో ఏదో పెట్టి వెళ్లినట్టు. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లి చాలాసేపు బియ్యం వెయ్యకుండా ఖాళీ మూకుట్లో గరిటె తిప్పుతూ ఉండిపోయింది.

ఆవిడ ఇప్పటికీ కోటబొమ్మాళి వైపు వెళ్లలేదు. తల్లిని మాత్రం బట్టీ వెనక గదిలోనే ఉంచేసుకుంది. ఇద్దరూ రోజూ పోట్లాడుకుంటారు. రాబర్ట్ ఆ వీధిలోంచే వెళ్తాడు. ఆవిడ పిలిస్తే ఆగుతాడు, పిలవకపోతే సైకిలు దిగడు.